పెద్దయ్యది చావా, పురుడా?

నమోదు 640

నీటి వేడి మామూలు. ఉప్పు మామూలు. వెలుగు లేదు.

ఈ మూడు మాటలతో ఇవాళ్టి నమోదు ముగించవచ్చు. జీవశాల చిట్టాలో ఈ మూడే రాయాలి, సొంత గోడు రాయకూడదని నిబంధన. ఆ నిబంధన పెట్టినవాళ్ళకి నా అంత గోడు లేదు గనక పెట్టారు.

తొట్టిలో పెద్దయ్య లేడు. పెద్దయ్య అంటే మా పంటు జెల్లీచేప. పంటు అంటే సముద్రం మీద తేలే మా వీధి. వారం నుంచి మనిషి తీరు బాగోలేదు. మనిషి అంటున్నాను, చూశారా, అలవాటు. గొడుగు ముడుచుకుంది, తీగలు ఒక్కొక్కటే రాలిపోయాయి, చివరికి బొటనవేలంత అయ్యాడు. ఇవాళ పొద్దున మూత తీస్తే ఆ వేలంతదీ లేదు. నిన్న సాయంత్రం నుంచి మా పంటు మీద జనం ఒకళ్ళ కాలు ఒకళ్ళు తొక్కుకుంటూ తిరుగుతున్నారు. తొమ్మిది పంట్లు కలిసిన మా అలపాలెంలో ఎండనుంచి తీసే కరెంటు ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేయడానికే బొటాబొటీ. వీధికి వెలుగు కావాలంటే ఒళ్ళంతా వెలిగే పెద్దయ్యే దిక్కు.

పెద్దయ్య మా పంటువాళ్ళందరికీ చుట్టం కింద లెక్క, పోయాడంటే పంటు మొత్తానికి మైల. పెద్దదినం అయ్యేదాకా ఎవరి పొయ్యి మీదా తాలింపు చిటపటలాడకూడదు, ఎవరింటా సన్నాయి మోగకూడదు. వచ్చే గురువారం మా పంటు మీద ఒక పెళ్ళి ఉంది. పెళ్ళికూతురు ఈ చిట్టా రాస్తున్న గనగళ్ళ ముత్యాలు, అంటే నేను.

నాకు ముప్పై నాలుగేళ్ళు. పెళ్ళికొడుకు బడే ఎల్లాజీ, ఉత్తరపు పంటువాడు, సరుకు ఓడలో పనిచేస్తాడు. మొదటి ముహూర్తానికి ముందు మా నాన్నమ్మ పోయింది. రెండో ముహూర్తానికి ముందు ఎల్లాజీ వదిన ప్రసవించింది, వాళ్ళకి పురుడు వచ్చింది. ముహూర్తం మూడుసార్లు తప్పితే ఆ సంబంధం సముద్రానికి ఇష్టం లేదని మా కట్టుబాటు. పెళ్ళికొడుకు ఒక దారి చూసుకోవాలి, పెళ్ళికూతురు ఒక దారి.

నాకు వేరే దారి అక్కర్లేదు. ఎల్లాజీయే కావాలి. నిబంధన ఉన్నా సరే, ఇది రాసి తీరతాను.

నమోదు 641

పొద్దున్నే వాసుపల్లి దానయ్య తాత వచ్చాడు. తొమ్మిది పంట్ల పెద్దమనుషుల్లో ఈయన పెద్ద. వస్తూనే తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. చావింటికి వచ్చినవాళ్ళు అలా చేస్తారు.

"ఇంకేటి సూత్తావమ్మా? ఆయన ఎలిపోనాడు. కబురెట్టీమంతావా?"

"శవం ఏది తాతా? శవం లేకుండా మైల ఎలా పడతాం?"

"జెల్లీకి శవమేటి? నీల్లలో నీరైపోద్ది."

"ఒక్క పూట ఆగు. వెతకనీ."

ఆగాడు. పెద్దమనిషి కాబట్టి కాదు, మోకాళ్ళ నొప్పి కాబట్టి. నేను తొట్టిలోకి దిగి, భూతద్దం కంటికి కట్టుకుని, అడుగునున్న పెంకులన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశాను. పదిహేడో పెంకో, ఇరవయ్యో పెంకో, దాని వెనకాల ఆవగింజంత ఎర్రటి బొడిపె కనిపించింది. బొడిపెకి సన్నటి వేళ్ళు, పైన మొగ్గలాంటి తల. నేను నీళ్ళలోంచే కేక పెట్టాను. తాత కంగారుపడి తలపాగా మళ్ళీ నెత్తిన పెట్టేసుకున్నాడు.

ఆయనకి విషయం చెప్పడానికి చాలాసేపు పట్టింది. జెల్లీకి రెండు బతుకులు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కొన్నాళ్ళు ఈది, రాయికో పెంకుకో అంటుకుని మొగ్గలా పెరుగుతుంది. ఆ మొగ్గే ఒకనాటికి గొడుగుల్ని విడుస్తుంది. మనం చూసే జెల్లీ ఆ గొడుగు. మామూలు జాతుల్లో గొడుగు ముసలిదై చస్తుంది, కథ అయిపోతుంది. పెద్దయ్య జాతి మాత్రం చావు దగ్గరికొచ్చేసరికి వెనక్కి తిరుగుతుంది. ముడుచుకుని, ఉండై, మళ్ళీ మొగ్గ అవుతుంది.

"అంటే ముసిలోడు మంచమెక్కి, తెల్లారేసరికి పాకే గుంటడైపోనట్టు," అన్నాడు తాత.

"అంతే తాతా."

"మరి ఆ సదుపాయం మనకేల నేదు?"

ఆయన కాసేపు తన మోకాళ్ళవంక చూసుకుని, తర్వాత పెద్దమనిషి గొంతు తెచ్చుకున్నాడు.

"సరే. ఇది ఆయనే అని ఏటి గురుతు? ఏ పంటు జెల్లీ పిల్లో కొట్టుకొచ్చి ఇక్కడ అంటుకోకూడదేటి? పైగా నువ్వు పెల్లికూతురివి. నీ మాట ఎవులు నమ్ముతారు?"

"జన్యువులు చదివి చూపిస్తాను. ఏటేటా పెద్దయ్య తీగ కొస ఒకటి కత్తిరించి చల్లపెట్టెలో దాస్తున్నాను కదా. దానికీ ఈ మొగ్గకీ కలిస్తే ఆయనే."

"మిగతా ఎనిమిది తొట్లవీ సదువు. వాటికి కలవకూడదు, మన ఆయనకే కలవాల. అప్పుడొప్పుకుంతాను." లేచి రెండడుగులు వేసి ఆగాడు. "ఉండు. ఆయనే చిన్నోడైపోతే మరిది పురుడు కాదా? పురిటికీ మైల ఉంది గదా?"

నాకు ఒళ్ళు మండింది. "కన్నదెవరు తాతా? తల్లి లేకుండా పురుడేంటి?"

ఆయన ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తుంటే ఒక పడవ వచ్చి సరుకు దించి వెళ్ళిపోయింది. "తల్లి నేకుండా పురుడు నేదు," అని ఒప్పుకుని వెళ్ళాడు.

నమోదు 642

నీటి వేడి చూడలేదు. ఉప్పు చూడలేదు. పని ఉంది.

ఎల్లాజీ పడవ వేస్తే మిగతా ఎనిమిది పంట్లూ తిరిగి ఒక్కో తొట్టి జెల్లీ మీద దూదితో రాసుకొచ్చాను. ప్రతి పంటు దగ్గరా ఒకటే ఉపన్యాసం వినాల్సి వచ్చింది: మా జెల్లీ మా ముత్తాత మా ఊరి రేవునుంచి కడవలో తెచ్చాడు, దాని వెలుగు వేరు, దాని హోదా వేరు. తొమ్మిది పంట్లకి తొమ్మిది కడవలు, తొమ్మిదిమంది ముత్తాతలు. అందుకే మా దగ్గర సంబంధం మాట వస్తే ముందు అడిగేది "మీ తొట్టి ఏది?" అని. ఒకే తొట్టి వెలుగులో పెరిగినవాళ్ళు అన్నాచెల్లెళ్ళు. వాళ్ళకి పెళ్ళి కుదరదు. వేరే తొట్టి అయితే వరస కలుస్తుంది.

ఉత్తరపు పంటు దగ్గర ఎల్లాజీ తల్లి పోలమ్మ అత్త గట్టు మీదే నిలబడి ఉంది.

"పెల్లి కాకుండానే మా తొట్టి మీద సెయ్యేసీసినావా కోడలా?"

"దూది మాత్రమే వేశానత్తా."

"మూడోసారి. మూడోసారి తప్పితే ఏటవుద్దో ఎరికే గదా? మరి మా వోడికి వేరే సంబంధం ఒకటి అడుగుతున్నారు. నాను నేదన్నాను. రేపు కూడా నేదనేలాగ సెయ్యి."

కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. అత్తకి కూడా నేనే కావాలి. ఆ మాట మర్యాదగా చెప్పడం ఆవిడకి రాదు.

నమోదు 643

మొగ్గ పెద్దయ్యే! అక్షరం అక్షరం కలిసింది. ఏళ్ళ తరబడి బతికినందుకు అక్కడక్కడ నాలుగైదు అక్షరాలు చెదిరాయి, పాత చీరకి అంచు దగ్గర పీచు లేచినట్టు. ఆ చెదిరిన అక్షరాలు కూడా మొగ్గలో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఇంకో సంగతి కూడా చదివాను: ఏ జన్యువులు మేలుకుని ఉన్నాయి, ఏవి నిద్రపోతున్నాయి అని. పోయిన నెల ముసలితనపు జన్యువులన్నీ గోల చేస్తుండేవి. ఇప్పుడు అవన్నీ నోరు మూసుకున్నాయి, పసితనపువి లేచి కూర్చున్నాయి. అవే అక్షరాలు, వేరే పాఠం. నేను ఒక్కదాన్నే గదిలో చప్పట్లు కొట్టుకున్నాను.

తర్వాత మిగతా ఎనిమిది తొట్లవీ చూశాను.

జన్యువులు చదివే పెట్టె కడిగాను. గొట్టాలు మార్చాను. చేతులు మోచేతులదాకా రుద్దుకుని మళ్ళీ చదివించాను. పెట్టె మళ్ళీ అదే చెప్పింది.

తొమ్మిది తొట్లలోనూ ఉన్నది ఒక్కడే. చెదిరిన నాలుగైదు అక్షరాలే ఒక్కో తొట్టికి వేరు. తొమ్మిది కడవలూ లేవు, తొమ్మిది రేవులూ లేవు. ఎప్పుడో ఒకే పెంకు మీది మొగ్గ విడిచిన గొడుగుల్ని తొమ్మిదిమంది తలా ఒకటి పట్టుకెళ్ళారు. తర్వాత ముత్తాతలు కడవల కథ చెప్పుకున్నారు.

అంటే మా తొట్టీ ఎల్లాజీ తొట్టీ ఒకటే. అంటే వరస కుదరదు.

అంటే ఈ ఊళ్ళో ఎవరికీ కుదరదు.

నమోదు 644

ఎల్లాజీకి చెప్పాను. తెడ్డు చేతిలోంచి జారిపోయింది. దాన్ని పట్టుకోడానికి వంగి, వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"అయితే నువ్వు నాకు సెల్లెలివా?"

"నోరు ముయ్యి."

"మా అమ్మా నాన్నా?"

"అన్నాచెల్లెళ్ళు."

"దానయ్య తాతా, నూకాలమ్మ మామ్మా?"

"వాళ్ళూ అంతే. యాభై ఏళ్ళనుంచి."

వాడు నవ్వడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు నవ్వు ఆపి, పక్కన కూర్చుని, "సెప్పకు ముత్యాలూ," అన్నాడు. "మొగ్గ ఆయనే అని సెప్పు, ఊరుకో. పెల్లయిపోద్ది."

చెప్పకుండా ఉండగలిగితే బాగుండేది. తాత మిగతా తొట్ల సంగతి అడుగుతాడు. అడిగితే అబద్ధం చెప్పాలి. ఒక్క అబద్ధం చెబితే నేను ఇన్నేళ్ళు చదివిందంతా పెళ్ళికూతురి మాట అయిపోతుంది. పెద్దయ్య మొగ్గయ్యాడన్నదీ అప్పుడు అబద్ధమే అవుతుంది. అది నేను ఒప్పుకోను, పెళ్ళి ఆగినా సరే.

పెళ్ళి ఆగినా సరే అని రాశాను గానీ, ఆ మాట రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను.

నమోదు 645

నడిమి పంటు మీద తెరచాప పందిరి కింద పంచాయితీ. తొమ్మిది పంట్ల జనం వచ్చారు. కూర్చునే చోటు లేక కుర్రాళ్ళు తాళ్ళ మీద వేలాడారు.

పెద్దయ్య చావలేదని, మళ్ళీ మొగ్గయ్యాడని చెప్పాను. అక్షరాల వరుసలు చూపించాను. జనం గోలగోలగా సంతోషపడ్డారు. పోలమ్మ అత్త లేచి "సన్నాయోల్లకి కబురెట్టండి!" అంది. నేను అక్కడితో కూర్చుందామని సగం వంగాను.

"మరి మిగతా తొట్లకి కలవనేదు గదా?" అన్నాడు దానయ్య తాత.

కూర్చోడానికి వంగినదాన్ని మళ్ళీ లేచి నిజం చెప్పాను.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కళ్ళకి అర్థమవడం నాకు కనిపించింది. ముందు వరుసలో ఒకాయన పెళ్ళాం పక్కనుంచి జానెడు జరిగాడు. ఒకావిడ మొగుణ్ణి కిందనుంచి పైదాకా చూసి, "అందుకే మా అన్నలాగే గురక పెడతాడు," అంది. వెనకాల ఎవరో వేళ్ళమీద లెక్క మొదలుపెట్టి, వేళ్ళు చాలక ఆపేశారు. దానయ్య తాత మెల్లగా తల తిప్పి పెళ్ళాం నూకాలమ్మ మామ్మవైపు చూశాడు.

"ఏటన్నియ్యా, అలా సూత్తావు?" అంది మామ్మ.

పందిరి ఎగిరిపోయేంత నవ్వు. తాత ఒక్కడే నవ్వలేదు.

నేను ఆ నవ్వులోనే అడిగేశాను. "రెండింట్లో ఒకటి చెప్పు తాతా. పెద్దయ్య మన చుట్టమే అయితే ఈ ఊళ్ళో ఒక్క పెళ్ళీ పెళ్ళి కాదు, నీదీ కాదు. చుట్టం కాదంటావా, వరసలు ఆయన్ని బట్టి చూడనక్కర్లేదు, నా పెళ్ళికి అడ్డు లేదు. కాదను. ఒక్క మాట."

ఆయన తలపాగా సర్దుకుని అన్నాడు: "మాయమ్మ పోయిననాడు గాలివోన. ఇంట్ల ఇంకో ఎలుగు నేదు. ఆయన ఎలుగులోనే అమ్మ మొకం ఆకరిసారి సూసినాను. ఆయన మనోడు కాడని నా నోటితో అననేను ముత్యాలూ. నా పెల్లి పెటాకులైనా అననేను."

ఆయన్ని ఇరుకున పెట్టి గెలుద్దామనుకున్నాను. కానీ ఆ మాట వినగానే నాకు సిగ్గేసింది. నేను అక్షరాలు దిద్దుకున్నదీ ఆ వెలుగులోనే. ఆయన కాదు అని ఉంటే నేను కూడా ఓర్చుకోలేకపోయేదాన్ని. పంచాయితీ తేలకుండానే లేచింది.

నమోదు 646

నిన్న పంచాయితీనుంచి ఇంటికి వెళ్ళిన దానయ్య తాతకి గుమ్మం బయట చాప, దుప్పటి, చెంబు కనిపించాయట. లోపల గొళ్ళెం.

"అన్నియ్యంటే అబిమానమే," అందట మామ్మ తలుపు వెనకనుంచి. "కానీ అన్నియ్య సెల్లెలింట్ల యాబై ఏల్లు కూకుని తింతాడేటి? ఎల్లు, వలల పాకలో తొంగో."

ఈ కబురు పంట్లన్నీ తిరగడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆడవాళ్ళకి ఈ ఆలోచన బాగా నచ్చింది. ఇవాళ పొద్దుటికి ఊళ్ళో మొగుళ్ళందరూ చాపలతో సహా వలల పాకలో ఉన్నారు. అంతమంది ఒకేచోట చేరేసరికి నడిమి పంటు ఆ వైపుకి జానెడు ఒరిగింది. ఇది చిట్టాలో రాయదగ్గ విషయమే, నిబంధన ప్రకారమే రాస్తున్నాను.

మగవాళ్ళు వంట మొదలుపెట్టారు. ఏం వండారో తెలియదు గానీ దక్షిణపు పంటువాళ్ళు మంటలనుకుని నీళ్ళ బిందెలతో పరిగెత్తుకొచ్చారు. ఆడవాళ్ళు మా వీధి చివర వరసగా కూర్చుని, దండిగా కారం వేసి ఎండురొయ్యల కూర వండుకుని తిన్నారు. నన్నూ పిలిచారు. పోలమ్మ అత్త నా విస్తట్లో రెండోసారి వడ్డిస్తూ, "ఇదంతా నీ దూది మూలానే," అంది. తిట్టో మెచ్చుకోలో అడగలేదు.

నవ్వాను, తిన్నాను. ఇంటికొచ్చి పెళ్ళిచీర తీసి చూసుకుని మళ్ళీ పెట్లో పెట్టేశాను. రేపొక్కరోజే ఉంది.

నమోదు 647

దానయ్య తాత జీవశాలకి వచ్చాడు. చెయ్యి కాలి ఉంది. నేను మందు రాస్తుంటే ఆయన రెండో చేత్తో భూతద్దం పట్టుకుని మొగ్గని చూస్తూ కూర్చున్నాడు. మొగ్గ కొంచెం పెరిగింది. తల చుట్టూ సన్నటి తీగలు విప్పుకుంటోంది.

"తొమ్మిది తొట్లలోనీ ఈయనొక్కడే కదమ్మా?"

"ఒక్కడే."

"ఈయన పంటుకొకడనుకున్నాం. వోడు నీ చుట్టం, ఈడు నా చుట్టం అని పంచుకున్నాం." ఊపిరి వదిలాడు. "సముద్రం అందరికీ ఒకటే గదా. ఆ నీల్లే తాగుతాం, అందులోనే సత్తాం. ఐతే మాత్రం, ఒకే సముద్రం మీదున్నాం గాబట్టి అన్నాసెల్లెల్లం అని ఎవులైనా అన్నారేటి?"

నేను మందు డబ్బా కింద పెట్టాను.

"ఈయనా అంతే అనుకుంతే? అందరికీ పెద్దోడు. పోతే అందరం ఏడుద్దాం, ఉంతే అందరం మొక్కుదాం. వరసలకి మాత్రం ఈయన్ని పిలవొద్దు. ఎవులి అమ్మానాన్నల్ని బట్టి వోల్లు సూసుకుంతారు."

నేను ఏ శాస్త్రం చదివినా ఈ మాట దొరికేది కాదు. తాతని కావలించుకున్నాను. కాలిన చెయ్యి తగిలి కెవ్వుమన్నాడు.

"అందరికీ నాను సెప్తాను. మీ మామ్మకి మాత్రం నువ్వు సెప్పు. నానెల్తే తలుపు తియ్యదు."

వెళ్ళి చెప్పాను. మామ్మ రొయ్యల తలలు తీస్తూ అంతా విని తలూపింది.

"తీర్పు బాగున్నాది. కానీ ఈ తీర్పు రేపట్నించి గదా? నిన్నటిదాకా నాను సెల్లెల్నే గదా? అంటే ఆ పెల్లి పెల్లి కాదు." ఒక తల తీసి పక్కన పడేసింది. "యాబై ఏల్ల కిందట మా నాన్నా ఆయన నాన్నా కల్లు తాగుతా మాటాడీసుకున్నారు. నాను వంటింట్ల ఉన్నాను. నన్నడిగినోడు ఒక్కడు నేడు. ఇప్పుడడగమను. పదిమందిలో అడగమను."

నమోదు 648

నీటి వేడి మామూలు. ఉప్పు మామూలు. వెలుగు మొగ్గ దగ్గర, చూడాలంటే కళ్ళు చికిలించాలి, అంతే.

పెళ్ళి జరిగింది. మా పంటు అంచున పందిరి వేశారు. తొమ్మిది పంట్లనుంచీ వచ్చారు. సన్నాయివాళ్ళు మగవాళ్ళే గనక, రెండు రోజులు వాళ్ళ వంటే వాళ్ళు తిన్నందువల్ల ఊపిరి తక్కువగా ఊదారు. ముందు దానయ్య తాత లేచి తీర్పు చెప్పాడు. ఎవరూ కాదనలేదు. పాకలో ఇంకో పూట పడుకునే ఓపిక ఎవరికీ లేదు.

తీర్పు చెప్పి ఆయన కూర్చోలేదు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను పెళ్ళిపీట మీద ఉన్నాను, ఎల్లాజీ తాళి పట్టుకుని నా వెనక్కి వచ్చాడు, బాజాలు మొదలయ్యాయి. ఎవరూ మావైపు చూడలేదు. అందరూ తాతవైపే చూస్తున్నారు.

"నూకాలూ," అన్నాడు. "నన్ను పెల్లి సేసుకుంతావా?"

మామ్మ తీరిగ్గా పమిట సర్దుకుంది. "ఆ అడగడమేటి, బాకీ అడిగినట్టు? మల్లీ అడుగు."

జనం నవ్వారు. తాత నవ్వలేదు, కోప్పడలేదు. వంగలేని మోకాళ్ళతో మెల్లగా వంగి ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. గొంతు చాలా కిందికి దిగిపోయింది. "నీకు ఇట్టమైతేనే. నేకపోతే నేదను. నీకు ఇట్టమేనా?"

మామ్మకి నవ్వూ ఆగిపోయింది, వేళాకోళమూ ఆగిపోయింది. ఆవిడ మొహం అలా అవడం నేనెప్పుడూ చూడలేదు. చెయ్యి చాపి ఆయన్ని లేవదీసింది. అప్పుడు జనం వేసిన కేకలకి పంటు ఊగింది.

నా మెడ మీద రెండు ముళ్ళు పడ్డాయి. మూడోది పడలేదు. ఎల్లాజీ దారం చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. నా చెవి దగ్గరికి వంగాడు.

"ముత్యాలూ. నిన్ను కూడా ఎవులూ అడగనేదు గదా?"

ఆలోచించాను. మా నాన్నని అడిగారు, వాళ్ళమ్మని అడిగారు, తొట్లని అడిగారు, నా దూదిని, నా పెట్టెని కూడా అడిగారు.

"లేదు," అన్నాను.

అడిగాడు. అంత గోలలో నేనన్నది ఇంకెవరికీ వినపడలేదు. వాడికి వినపడింది. మూడో ముడి వేశాడు.